మ్యాక్‌గ్రెగర్ 26ఎం: నాలుగేళ్ళు నడిపాక చెబుతున్న మాట

ఈ పడవ గురించి నన్ను నెలకి ఒకరైనా అడుగుతుంటారు. ఎక్కువమంది మనవాళ్ళే, ఇక్కడ కాలిఫోర్నియాలో ఇర్వైన్‌లోనో శాన్ డియాగోలోనో ఉంటారు, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు, వీకెండ్‌కి పార్కులూ పుట్టినరోజు పార్టీలూ విసుగొచ్చాయి, ఏదైనా కొత్తగా చేద్దామనుకుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "దీంతో సముద్రంలోకి వెళ్ళొచ్చా?" వెళ్ళొచ్చు, పొద్దున్నే బయల్దేరి గాలి లేచేలోపు ఎక్కడో ఒకచోట చేరే పనైతే. ఆ "అయితే" గురించే ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

తెలియనివాళ్ళ కోసం ముందు అసలిదేంటో చెప్తా. పొడవు దాదాపు 26 అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగుల లోపే, అంటే ఇక్కడి రోడ్ల మీద ప్రత్యేక పర్మిట్ లేకుండా ట్రైలర్ మీద లాక్కెళ్ళొచ్చు, దానికి హద్దు ఎనిమిదిన్నర అడుగులు. తెరచాపలున్నాయి, వెనకాల 50 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు కూడా ఉంది. మామూలుగా ఈ సైజు తెరచాప పడవకి ఆరో, ఎనిమిదో, మహా అయితే పది హార్స్‌పవర్ పెడతారు, అది రేవులోంచి బయటపడ్డానికీ మళ్ళీ రేవులోకి రావడానికీ. దీనికి మాత్రం స్పీడ్‌బోటుకి పెట్టినట్టు పెట్టారు. రోజర్ మ్యాక్‌గ్రెగర్ అనే ఆయన 1960లలో మొదలెట్టిన కంపెనీ, ఫ్యాక్టరీ కోస్టా మెసాలో ఉండేది, మా ఇంటి నుంచి పావుగంట. 26ఎక్స్ అనే మోడల్ 1990లలో వచ్చింది, దాని తర్వాత 2002 నుంచి 2013 దాకా ఈ 26ఎం తయారైంది, ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ మూసేశారు. ఇప్పుడు మీకు దొరికే 26ఎం ఏదైనా సెకండ్‌హ్యాండే. నాది 2005 మోడల్, ట్రైలర్, మోటారుతో సహా 18,000 డాలర్లు పెట్టా. మా నాన్న కాకినాడ నుంచి వచ్చినప్పుడు దీన్ని చూసి మొదట అడిగింది, "రూపాయల్లో ఎంతరా?" అని. నేను చెప్పలేదు.

తెరచాప పడవల్లో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. కొంతమంది పైకే అనేస్తారు, ఇది అటు తెరచాప పడవా కాదు ఇటు మోటారు బోటూ కాదని. వాళ్ళన్నది అబద్ధం కాదు, కానీ వాళ్ళ పడవలు రేవులో నెలనెలా వందల డాలర్ల అద్దె కడుతూ కట్టేసి ఉంటాయి, నాది స్టోరేజ్ యార్డులో ఉంటుంది. ఇంటి ముందు పెట్టుకుందామంటే మా కాలనీ అసోసియేషన్ ఊరుకోదు, అది వేరే కథ.

ఇక అసలు విషయం, బరువు. తెరచాప పడవ గాలికి బోల్తా కొట్టకుండా ఆపేది దాని అడుగున ఉండే బరువే. పెద్ద పడవలకి అది సీసమో ఇనుమో అయి కిందికి లోతుగా దిగి ఉంటుంది, దాన్ని రోడ్డు మీద లాగాలంటే పెద్ద ట్రక్కు కావాలి. అందుకని 26ఎం కడుపులో ఒక ట్యాంకు పెట్టారు. పడవని నీళ్ళలోకి దించాక వెనకున్న వాల్వు తెరిస్తే 1,150 పౌండ్ల నీళ్ళు, అంటే 520 కిలోల పైచిలుకు, వాటంతటవే లోపలికొస్తాయి. ఎప్పుడూ ఉండే బరువు ఇంకో 300 పౌండ్లే. ఒడ్డుకి లాగాక నీళ్ళు వదిలేస్తే మళ్ళీ తేలిక. తెలివైన ఏర్పాటే, కానీ నీళ్ళ బరువు సీసంలా పనిచెయ్యదు. బావిలో చేద వేసి తోడినవాళ్ళకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది: చేద మునిగి ఉన్నంతసేపు తాడుకి బరువే తెలీదు, నీళ్ళ పైకి రాగానే చెయ్యి లాగేస్తుంది. ఈ ట్యాంకూ అంతే. పడవ నిటారుగా ఉన్నప్పుడు ట్యాంకు నీటి మట్టానికి కిందే ఉంటుంది కాబట్టి దాని పట్టు పెద్దగా తెలీదు, ఒక పక్కకి ఒరిగి రెండో పక్క ట్యాంకు నీళ్ళలోంచి పైకి లేవబోతేనే బరువు మొదలవుతుంది. అందుకే ఈ పడవ మొదటి 15, 20 డిగ్రీలు ఇట్టే ఒరిగిపోతుంది, ఆ తర్వాత గట్టిగా నిలబడుతుంది. మొదటిసారి ఎక్కినవాళ్ళు ఆ 20 డిగ్రీల దగ్గరే "అమ్మో" అంటారు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ట్యాంకు నిండా నీళ్ళుంటే ఒరిగినా తిరిగి లేస్తుంది. అడుగున చిల్లు పడినా మునిగిపోకుండా లోపల ఫోమ్ దట్టించి ఉంది, దీని సైజు పడవల్లో చాలావాటికి ఆ సదుపాయం లేదు, నేను దీన్ని కొనడానికి సగం కారణం అదే. కానీ ఇవన్నీ ట్యాంకు నిండి ఉన్నప్పటి సంగతులు. ఖాళీ ట్యాంకుతో ఏం చెయ్యకూడదో కంపెనీ మాన్యువల్‌లో వరుసగా రాశారు: నలుగురికి మించి ఎక్కకూడదు, తెరచాపలు ఎత్తకూడదు, కేబిన్ మీదగానీ ముందు డెక్ మీదగానీ ఎవరూ ఉండకూడదు, అలలు అడుగు ఎత్తు దాటితే అసలు నడపకూడదు. మరి ఖాళీగా ఎందుకు నడుపుతారంటే, స్పీడు కోసం. ఖాళీగా ఉంటే నీళ్ళ మీద ఎగిరినట్టు పోతుంది, బ్రోచర్లో గొప్పగా వేసిన స్పీడ్లన్నీ అలా తీసినవే. 2002 జూలై 4న వెర్మాంట్ పక్కనున్న లేక్ షాంప్లేన్‌లో దీని ముందు మోడల్ ఒకటి బోల్తా కొట్టింది. బాణసంచా చూద్దామని పిల్లలూ పెద్దలూ కలిపి 11 మంది ఎక్కారు, ట్యాంకు ఖాళీ. కేబిన్లో చిక్కుకుని ఇద్దరు పిల్లలు చనిపోయారు. నడిపినతను తాగి ఉన్నాడని కోర్టులో కేసు కూడా నడిచింది. పండగ రోజు, సరస్సు, తెలిసినవాళ్ళు, "ఇంకొకరు ఎక్కితే ఏమవుతుందిలే" అనుకోవడం, మన ఇళ్ళల్లో ఎప్పుడూ జరిగే సీనే కదా. నేను ఆరుగురికి మించి ఎవర్నీ ఎక్కించను, ఎవరు అలిగినా సరే, అదీ ట్యాంకు నిండాకే.

అలాగని నేనేం పెద్ద జాగ్రత్తపరుణ్ణి కాదు. మొదటి ఏడాదే ఒక తప్పు చేశా. ఒక ఆదివారం మా బావమరిది కుటుంబం వచ్చింది, పడవని నీళ్ళలోకి దించే రాంప్ దగ్గర వెనకాల ఇంకో నలుగురు బోట్లతో లైన్లో ఉన్నారు, ఆ కంగారులో వాల్వు తెరిచా గానీ లోపల గాలి బయటికి పోయే రంధ్రం మూత సరిగ్గా తియ్యలేదు. లోపలి గాలికి దారి లేకపోతే నీళ్ళు ఎలా వస్తాయి? సగంలో ఆగిపోయాయి. నేను టైము చూసుకుని నిండిందనుకుని వాల్వు మూసేశా. సగం నిండిన ట్యాంకు ఖాళీ ట్యాంకు కంటే చెడ్డది, ఎందుకంటే పడవ ఎటు ఒరిగితే లోపలి నీళ్ళు కూడా అటే పరిగెత్తి ఇంకా లాగుతాయి, నిండా నీళ్ళున్న బిందె మొయ్యడానికీ సగం నీళ్ళున్న బిందె మొయ్యడానికీ ఉన్న తేడా అది. లాంగ్ బీచ్‌లోని అలమిటోస్ బే దాటి బయటికొచ్చి తెరచాపలెత్తాం, గాలి 12 నాట్లు ఉంటుందేమో (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, 1.85 కిలోమీటర్లు), ఒక చిన్న విసురుకే పడవ పడుకున్నంత పనిచేసింది. చల్లపెట్టె, పులిహోర డబ్బా, మా ఆవిడ చెప్పులు అన్నీ ఒక పక్కకి జారాయి. "బావా, ఇది మామూలేనా?" అన్నాడు బావమరిది. మామూలే అన్నా, నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. తెరచాప తాడు వదిలేసి, మోటారు వేసి గాలికి ఎదురు తిప్పి నిలబెట్టాక, లోపలికెళ్ళి మూత తీసి చూస్తే నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి. అప్పట్నుంచి టైము చూసుకోవడం మానేశా, రంధ్రంలోకి వేలు పెట్టి నీళ్ళు తగిలితేనే వాల్వు మూస్తా.

తెరచాప మీద ఎలా వెళ్తుంది అంటే, వెళ్తుంది. పక్కగాలికి, వెనకగాలికి బాగానే వెళ్తుంది, ఐదారు నాట్లు, నీటి మీద దాని పొడవుకి లెక్క ప్రకారం వచ్చే హద్దు కూడా ఆరున్నర లోపే. ఎదురుగాలికి మాత్రం బద్ధకిస్తుంది. పడవ పక్క గోడలు ఎత్తు, లోపల నిలబడే చోటు కోసం అలా చేశారు, ఆ ఎత్తుకి గాలి తగిలి పక్కకి నెట్టేస్తుంది. ఎదురుగాలిలో వంకర టింకరగా ఒక మైలు ముందుకి సాధించేలోపు నా స్నేహితుడు క్యాటలీనా 22 అనే తన పాత తెరచాప పడవలో మమ్మల్ని దాటేసి వెనక్కి తిరిగి చూసి చెయ్యూపుతాడు. అది నాలుగడుగులు చిన్నది, 1970ల పడవ, 550 పౌండ్ల ఇనప కీల్, అంటే అడుగున ఉండే బరువైన పలక, కిందికి దిగి ఉంటుంది. తెరచాప మీదే ఇష్టం ఉంటే, మోటారు పేరుకి ఉంటే చాలనుకుంటే, నిజంగా అదే కొనుక్కోండి, సగం డబ్బులకి వస్తుంది.

మోటారు సంగతి. పేపరు మీద గంటకి 20 మైళ్ళ పైన అంటారు, కుటుంబం, సామాను, రెండు ట్యాంకుల పెట్రోలు, కడుపు నిండా నీళ్ళతో నాకెప్పుడూ 15 దాటలేదు. అది కూడా నీళ్ళు చదునుగా ఉంటేనే. అలలు మూడడుగులై దగ్గర దగ్గరగా వస్తుంటే ఆ తేలిక అడుగు భాగం ప్రతి అలకీ దభీమని కొట్టుకుంటుంది, పళ్ళు కదులుతాయి, పిల్లలు ఏడుస్తారు, చచ్చినట్టు ఆరు నాట్లకి తగ్గించాల్సిందే. వెనక నుంచి పెద్ద అలలొస్తే మోటారు ఫ్యాను నీళ్ళలోంచి పైకి తేలి గుర్రుమంటుంది. ఇంకోటి, దీనికి రెండు చుక్కానులు, అవి దించి ఉంచి వేగంగా నడిపితే విరుగుతాయి, లేపి ఉంచి నెమ్మదిగా నడిపితే పడవ తిన్నగా పోదు. మా నాన్న వాటినే పట్టుకుని చూశారు, ఉప్పాడ తీరంలో పడవలు చూస్తూ పెరిగిన మనిషి కదా, "ఇంత పడవకి ఇంత సన్నటి చుక్కానేంట్రా" అన్నారు. రెండున్నాయి కదా అన్నా. ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడి వాళ్ళందరికీ పరీక్ష లాంటిది క్యాటలీనా దీవి. లాంగ్ బీచ్ నుంచి ఆ దీవిలోని ఆవలాన్ ఊరికి 20 నాటికల్ మైళ్ళ పైచిలుకు. నేను ఆరుసార్లు వెళ్ళొచ్చా. పొద్దున ఆరింటికి బయల్దేరితే నీళ్ళు నూనెలా ఉంటాయి, గాలే ఉండదు, మోటారు మీదే రెండు మూడు గంటల్లో చేరిపోవచ్చు, ఈ పడవ ఉపయోగం అక్కడే తెలుస్తుంది, ఆరు హార్స్‌పవర్ పడవలవాళ్ళు నాలుగైదు గంటలు పడతారు. మధ్యాహ్నం పడమటి గాలి లేస్తుంది, 10 నుంచి 15 నాట్లు మామూలు, ఒక్కోరోజు 20. తిరుగు ప్రయాణంలో ఆ గాలి పక్క నుంచీ వెనక నుంచీ వస్తుంది కాబట్టి అప్పుడు తెరచాప ఎత్తుకుని హాయిగా రావచ్చు. మధ్యలో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టులకి వచ్చే పెద్ద ఓడల దారి దాటాలి. దూరం నుంచి కదలనట్టే కనిపించే కంటైనర్ ఓడ పావుగంటలో నెత్తి మీదుంటుంది. జూన్ నెలలో పొద్దున పూట మబ్బూ మంచూ కలిసి ఉంటాయి, అలాంటప్పుడు నేను బయల్దేరను, ఫోన్లో ఎంత మంచి యాప్ ఉన్నా సరే. చేతిలో వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి, ఆ ఓడల కదలికలు 14వ చానల్లో వినిపిస్తాయి, ఆపదైతే 16. ఇంకో మాట, ఆవలాన్ రేవు ఈశాన్యానికి తెరుచుకుని ఉంటుంది. ఆకురాలు కాలంలో ఎడారి నుంచి శాంటా ఆనా గాలులు వస్తే అవి తిన్నగా రేవులోకే కొడతాయి, ఆ సూచన ఉన్న రోజుల్లో అక్కడ రాత్రి ఉండే ఆలోచనే పెట్టుకోవద్దు.

రెండో ఏడాది తిరిగొస్తుండగా ఆ ఓడల దారికి కాస్త ఇవతల మోటారు ఆగిపోయింది. దగ్గి, దగ్గి, ఆగిపోయింది. పాత యజమాని వదిలిన పెట్రోలులో నీళ్ళు కలిశాయి, ఫిల్టరు మార్చమని మెకానిక్ చెబితే నేను వచ్చే నెల చూద్దాంలే అన్నా. అప్పుడు అర్థమైంది ఈ పడవలో నా ధైర్యమంతా ఆ మోటారేనని. అదున్నంతసేపు గాలి పెరిగితే పారిపోవచ్చు, అది ఆగిన క్షణం నుంచి నా దగ్గరున్నది నెమ్మదైన, ఎత్తైన, తేలికైన ఒక తెరచాప పడవ. అదృష్టం ఏంటంటే గాలి వెనకపక్క నుంచే ఉంది, పదమూడో పద్నాలుగో నాట్లు, ముందు తెరచాప ఒక్కటే విప్పి నాలుగు గంటల్లో రేవు ముఖద్వారం చేరాం, అక్కణ్ణుంచి టోయింగ్ బోటువాడు లాక్కెళ్ళాడు. టోయింగ్ సభ్యత్వం ముందే కట్టి ఉన్నా కాబట్టి డబ్బులు పోలేదు, మీరు కొంటే మొదట అది కట్టండి. అదే గాలి ఎదురొచ్చి ఉంటే? 20 నాట్లై ఉంటే? ఆ రాత్రి ఆ లెక్క వేసుకునే నిద్ర పట్టలేదు. ఇప్పుడు ప్రతి సీజన్ మొదట్లో ఫిల్టరు మారుస్తా, తెరచాప తాళ్ళన్నీ రేవులోనే సిద్ధం చేసుకుని బయల్దేరతా, ఇంతకుముందు అవి కవరు కింద కట్టేసే ఉండేవి.

నేను పెట్టుకున్న హద్దులు ఇవి, ఎవరికి వాళ్ళు వేరేగా పెట్టుకోవచ్చు: వాతావరణ సూచనలో గాలి 15 నాట్లు దాటితే సముద్రంలోకి వెళ్ళను, లోపల బేలోనే తిరుగుతా. 12 దగ్గరే పెద్ద తెరచాప ఒక మడత తగ్గిస్తా. వాతావరణ శాఖ చిన్న పడవలకి హెచ్చరిక ఇస్తే అసలు ట్రైలరే తియ్యను. అటూ ఇటూ కలిపి ఒక్క రోజులో ముగియని దూరం పోను, దీవిలో రాత్రి ఉంటే తప్ప. మెక్సికో దాకా పోయినవాళ్ళున్నారు, దీంతోనే ఇంకా దూరాలు పోయినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ నైపుణ్యం వాళ్ళది. యూరప్‌లో పడవలకి నాలుగు వర్గాలు పెట్టారు, అందులో మూడోది, సి వర్గం, ఒడ్డుకి దగ్గరగా, రెండు మీటర్ల అలల లోపు అని. ఇలాంటి ట్రైలర్ పడవల్ని అక్కడ పెట్టి చూడటమే న్యాయం.

రేవులో కట్టడం గురించి ఒక్క మాట. పక్కగాలిలో ఇది అట్టపెట్టెలా కొట్టుకుపోతుంది. డాగర్‌బోర్డు, అంటే పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దించే పలక, కొంచెం దించి, రెండు చుక్కానులూ దించి నెమ్మదిగా వస్తే కాస్త మాట వింటుంది. ఇది తెలుసుకునేలోపు పక్కవాడి పడవకి రెండు గీతలు పెట్టా, రంగు డబ్బులిచ్చా. లంగరు వేసినా అంతే, రాత్రంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ట్రైలర్ విషయంలో మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది బండి దగ్గర. పడవ ఒట్టిది 2,550 పౌండ్లే కదా, మా సియెన్నా మినీవ్యాన్ 3,500 లాగుతుంది కదా అనుకుంటారు. ట్రైలర్, మోటారు, పెట్రోలు, లంగర్లు, గొలుసులు, బట్టలు, వంట సామాను కలిపితే 4,000 దగ్గరికి వస్తుంది. మినీవ్యాన్‌తో కుదరదు. కనీసం 5,000 పౌండ్లు లాగే బండి కావాలి, బండి కొనే ఖర్చు కూడా పడవ ఖర్చులోనే రాసుకోండి. కాలిఫోర్నియాలో ట్రైలర్‌తో 55 మైళ్ళే స్పీడు హద్దు. ఉప్పునీళ్ళలో ముంచిన ప్రతిసారీ ట్రైలర్ బ్రేకులు మంచినీళ్ళతో కడగాలి, ఒక్క సీజన్ బద్ధకిస్తే తుప్పే. మాస్ట్, అంటే తెరచాప స్తంభం, ఎత్తడం పావుగంట పని అంటారు, నాకు తాళ్ళూ బిగింపులూ అన్నీ కలిపి గంట పడుతుంది, ఎండలో చెమటలు కారుతూ. ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడాలి, ఇది మర్చిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అంటే పొద్దున ఆరింటికి సముద్రంలో ఉండాలంటే నాలుగింటికే రాంప్ దగ్గరుండాలి, లేదా ముందురోజు రాత్రే దించి రేవులో అతిథి పడవలకిచ్చే చోటులో అద్దెకి కట్టుకోవాలి. నేను రెండోదే చేస్తా.

కానీ ఆ ట్రైలర్ వల్లే లేక్ హవాసు చూశాం, లేక్ పావెల్‌లో ఎర్ర రాతి కొండల మధ్య మూడు రాత్రులు పడుకున్నాం, శాన్ డియాగో బే రెండుసార్లు తిరిగాం. డాగర్‌బోర్డు పైకి లాగేస్తే అడుగు లోతు నీళ్ళు చాలు, ఇసుక ఒడ్డుకి ముక్కు ఆనించి పిల్లలు దూకేస్తారు. లోపల నేను దాదాపు నిలబడగలను, నలుగురు పడుకోవచ్చు, తలుపున్న చిన్న టాయిలెట్టుంది, ఆ ఒక్క కారణానికే మా ఆవిడ ఒప్పుకుంది. చిన్న స్టవ్ మీద ఉప్మా, టీ అవుతాయి. చేపలు వేయించే ప్రయత్నం ఒకసారి చేశాం, వాసన నెలరోజులు పోలేదు.

చూడ్డానికి వెళ్తే ఒట్టి బేరంతో సరిపెట్టకండి. ట్యాంకు వాల్వు తెరిచి మూసి చూడండి, పట్టేసిందేమో. చుక్కానుల బ్రాకెట్ల దగ్గర పగుళ్ళు, మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీలు తీగలు, అవి పదేళ్ళు దాటితే మార్చాల్సిందే, ఆ డబ్బు ధరలో తగ్గించమనండి. మోటారు ఎన్ని గంటలు నడిచిందో అడగండి, అమ్మేవాళ్ళ ముందే స్టార్ట్ చేయించి పావుగంట ఆపకుండా నడిపించండి. 2025 నుంచి కాలిఫోర్నియాలో మోటారున్న పడవ నడపాలంటే ఏ వయసువాళ్ళకైనా బోటర్ కార్డు ఉండాలి, ఆన్‌లైన్‌లో పరీక్ష రాయొచ్చు, మా పెద్దమ్మాయి నాకంటే ఎక్కువ మార్కులతో పాసైంది. ఇప్పుడు గాలి రంధ్రంలో వేలు పెట్టి చూసే పని దానిదే. "నిండింది నాన్నా" అనేదాకా నేను వాల్వు ముయ్యను.